కార్బన్ నానోట్యూబ్ క్యాటలిస్టుతో చిమ్నీ పొగ శుభ్రం చేయడం: మన విశాఖలో పనికొస్తుందా?

నానోగొట్టం · ఆదివారం రాత్రి

అందరికీ నమస్కారం. నేను విశాఖలోనే పీహెచ్‌డీ రెండో సంవత్సరం చేస్తున్నాను. పుట్టి పెరిగింది గాజువాకలో. చలికాలం పొద్దున్నే డాబా ఎక్కితే యారాడ కొండ మసకమసకగా కనిపిస్తుంది, కొన్ని రోజులు అసలు కనిపించదు. అమ్మ రోజూ కిటికీ చువ్వలు తడిగుడ్డతో తుడుస్తుంది. ఆ గుడ్డ బకెట్‌లో జాడిస్తే నీళ్లు నల్లగా అయిపోతాయి. గాలి కాలుష్యం మీదే పని చేస్తానని నేను పట్టుబట్టడానికి ఆ బకెట్టే కారణం.

నా పని ఇది. బొగ్గు మండినప్పుడు నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. ప్లాంటుల్లో వీటిని నాక్స్ అంటారు. ఆ పొగలోకి కొలత ప్రకారం అమ్మోనియా వదిలి క్యాటలిస్టు (తాను ఖర్చవకుండా రసాయన చర్యను వేగంగా జరిపించే పదార్థం) మీదుగా పంపిస్తే, రెండూ కలిసి మామూలు నైట్రోజన్, నీటి ఆవిరి అయిపోతాయి. ఈ పద్ధతి పేరు ఎస్‌సీఆర్. ఇప్పుడు అంతటా ఎక్కువగా వాడేవి టైటానియం డయాక్సైడ్ మీద వనేడియం, టంగ్‌స్టన్ ఆక్సైడ్లు ఉన్న తేనెతుట్టె లాంటి దిమ్మలు. అవి 300 నుంచి 400 డిగ్రీల వేడిలో బాగా పనిచేస్తాయి. నేను టైటానియా (అదే టైటానియం డయాక్సైడ్) బదులు కార్బన్ నానోట్యూబుల మీద, అంటే అతి సన్నని కార్బన్ గొట్టాల మీద, మాంగనీస్, సీరియం ఆక్సైడ్లు ఎక్కిస్తున్నాను. ఇవి 150-200 డిగ్రీలకే చురుగ్గా పనిచేస్తాయి.

ల్యాబ్‌లో గ్రాములో నాలుగో వంతు పొడి పెట్టి చూస్తే చాలా బాగుంది. కానీ నేను ఇంతవరకు ఒక్క బాయిలర్ కూడా దగ్గరగా చూడలేదు. ప్లాంటుల్లో పనిచేసినవాళ్లు ఉంటే చెప్పండి, మన దగ్గర దీనికి నిజంగా చోటుందా?

బాయిలర్_మాస్టారు · ఆదివారం రాత్రి

అమ్మాయీ, నేను 33 ఏళ్లు థర్మల్ ప్లాంటుల్లో బాయిలర్ సైడే చేసి రిటైరయ్యాను. ముందు ఒక మాట చెప్పాలి, బాధపడకు. మీ అమ్మగారి గుడ్డకు అంటే నలుపు నాక్స్ కాదు. నాక్స్ గ్యాసు, అది గుడ్డకు అంటదు. ఆ నలుపులో బొగ్గు పొడి ఉండొచ్చు, లారీల డీజిల్ మసి ఉండొచ్చు, టైర్ల అరుగుడు, రోడ్డు దుమ్ము ఉండొచ్చు. నీ క్యాటలిస్టు నూటికి నూరు పాళ్లు పనిచేసినా ఆ బకెట్ నీళ్ల రంగు మారదు.

పని మానమని కాదు. నాక్స్ చేసే చెడు కంటికి కనిపించదు. ఎండలో అది ఓజోన్‌కు దారి తీస్తుంది. గాలిలోని అమ్మోనియాతో కలిసి అమ్మోనియం నైట్రేట్ అనే అతి సన్నని రేణువులు అవుతుంది. గుడ్డకు అందనంత సన్నవి, ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లేవి అవే. నువ్వు పోరాడుతున్నది వాటితో. అది తెలిసి చెయ్యి.

ఇక నీ ప్రశ్న. పొగ దారి ఇలా ఉంటుంది: ఫర్నేస్, తర్వాత బాయిలర్ నీళ్లను వేడిచేసే ఎకనమైజర్, తర్వాత మంటకు వెళ్లే గాలిని వేడిచేసే ఎయిర్ ప్రీహీటర్, తర్వాత బూడిద పట్టే ఈఎస్‌పీ, పొగను లాగే ఐడీ ఫ్యాన్, చివర చిమ్నీ. మామూలు ఎస్‌సీఆర్‌కు కావలసిన 350 డిగ్రీలు ఎకనమైజర్ దాటాక, ప్రీహీటర్‌కు ముందు దొరుకుతాయి. కానీ అక్కడ బూడిద మొత్తం పొగలోనే ఉంటుంది. మన సింహాద్రి థర్మల్ ప్లాంటుకు వచ్చేది ఒడిశాలోని తాల్చేరు బొగ్గు. మన దేశపు బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం, అందులో క్వార్ట్జ్ రేణువులు. ఎకనమైజర్ ట్యూబులను ఆ బూడిద ఎలా తినేస్తుందో నేను చేత్తో పట్టుకుని చూశాను. నాలుగు మిల్లీమీటర్ల పైనే మందం ఉండాల్సిన గొట్టం ఒక పక్క రేకులా పలచబడి, వేలితో నొక్కితే లోపలికి పోయేది. అలాంటి చోట తేనెతుట్టె దిమ్మ పెడితే ఎన్నాళ్లుంటుంది?

ఈఎస్‌పీ దాటాక బూడిద దాదాపు పోతుంది. కానీ అప్పటికి పొగ 120-150 డిగ్రీలకు చల్లారిపోతుంది. అందుకే నీ 150 డిగ్రీల మాట వినగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. చోటు ఉంటే అక్కడే ఉంది.

రసాయనం_టీచర్ · సోమవారం ఉదయం

మాస్టారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను కెమిస్ట్రీ వైపు నుంచి కొంచెం చెబుతాను, చదివే పిల్లలకు ఉపయోగపడుతుంది.

నానోట్యూబ్ అంటే గ్రాఫైట్ పొరను చాపలా చుట్టిన గొట్టం. 1991లో జపాన్ శాస్త్రవేత్త సుమియో ఇజిమా వీటి గురించి రాసిన పేపర్‌తో ప్రపంచం దృష్టి వీటి మీద పడింది. ఒకదానిలో ఒకటి దూర్చినట్టు చాలా గోడలుండే రకాన్ని మల్టీవాల్ అంటారు. వ్యాసం కొన్ని నానోమీటర్ల నుంచి కొన్ని పదుల నానోమీటర్లు.

క్యాటలిస్టుకు ఇది మంచి పీట ఎందుకంటే, లోహ ఆక్సైడ్ రేణువులు ముద్ద కట్టకుండా దీని మీద విడివిడిగా సన్నగా కూర్చుంటాయి. ఎలక్ట్రాన్లు ఈ గొట్టం వెంబడి సులువుగా కదులుతాయి. మాంగనీస్ ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారుతూ ఆక్సిజన్ ఇస్తుంది, పక్కనే సీరియం ఆక్సిజన్ దాచిపెట్టి మళ్లీ అందిస్తుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం తక్కువ వేడిలో జరగడమే అసలు గొప్ప.

ఇదే రకం క్యాటలిస్టు పాదరసం మీద కూడా పనిచేస్తుంది. బొగ్గులోని పాదరసం లోహ ఆవిరిగా ఉంటే నీటిలో కరగదు, చిమ్నీ దాటి పోతుంది. దాన్ని ఆక్సీకరిస్తే నీటిలో కరుగుతుంది, గంధకం కడిగే స్క్రబ్బర్‌లోనే దొరుకుతుంది.

నానోగొట్టం గారూ, ట్యూబులను నైట్రిక్ ఆమ్లంతో శుద్ధి చేస్తున్నారా? ఎంతసేపు?

నానోగొట్టం · సోమవారం మధ్యాహ్నం

మాస్టారూ, బాధ లేదండీ. నిన్న రాత్రి అమ్మకు మీ పోస్టు చదివి వినిపించాను. "అయితే కనపడేదానికన్నా కనపడనిదే ఎక్కువ ప్రమాదమన్నమాట" అంది.

టీచర్ గారూ, చేస్తున్నాను. గాఢ నైట్రిక్ ఆమ్లంలో రిఫ్లక్స్ పెట్టి (ఆవిరి చల్లబడి మళ్లీ కిందికే దిగేలా మరిగించి), కింద నూనె స్నానం, పైన కండెన్సర్. ఎర్రటి గోధుమరంగు పొగ వస్తుంది, ఫ్యూమ్ హుడ్ లేకుండా చేయడానికి లేదు. ఆమ్లానికి ముందు ఆ నల్లపొడి నీళ్లలో వేస్తే మునగదు, పైనే తేలుతూ గాజు గోడకు అతుక్కుంటుంది. ఆమ్లంలో ఉడికాక అదే పొడి నీళ్లలో సిరాలా కలిసిపోతుంది. ఆ మార్పు చూస్తేనే ట్యూబుల గోడల మీద కార్బాక్సిల్ సమూహాలు (ఆక్సిజన్ ఉన్న, నీళ్లంటే ఇష్టపడే ఆమ్ల సమూహాలు) వచ్చాయని అర్థమవుతుంది. లోహం పట్టుకోవడానికి అవే కొక్కేలు. అలాగే ట్యూబులు తయారుచేసేటప్పుడు మిగిలిపోయిన ఇనుము, కోబాల్ట్ కూడా చాలావరకు కరిగిపోతుంది. ఆ తర్వాత కడగడమే పెద్ద పని. ఫిల్టర్ మీద డిస్టిల్డ్ నీళ్లు పోస్తూ, కిందికి వచ్చే నీళ్లలో పీహెచ్ ఏడుకు దగ్గరయ్యేదాకా పోస్తూనే ఉండాలి. నాకు ఒక్కోసారి రోజంతా పడుతుంది.

ఒక పొరపాటు కూడా చెబుతాను, ఇంకెవరూ చేయకూడదని. మొదటి ఏడాది మాంగనీస్, సీరియం నైట్రేట్లు ఎక్కించి, అలవాటు ప్రకారం మామూలు గాలిలోనే 500 డిగ్రీల మఫుల్ ఫర్నేస్‌లో పెట్టేశాను. పొద్దున్న తీస్తే మూసలో నల్లపొడి లేదు, అడుగున గోధుమరంగు పెచ్చు మాత్రమే ఉంది. కార్బన్ మొత్తం మండిపోయింది. పక్కన ఆక్సైడ్ లేకపోతే అంత త్వరగా మండేది కాదు, ఆక్సైడే దాన్ని మండించింది. మూడు వారాల పని బూడిదైంది. ఆ రోజు భోజనం చేయబుద్ధి కాలేదు. ఇప్పుడు నైట్రోజన్ పంపుతూ 400కు మించకుండా కాలుస్తున్నాను.

సింటర్_షిఫ్ట్ · సోమవారం రాత్రి

నేను ఉక్కు రంగంలో సింటర్ ప్లాంట్ మనిషిని. ఇప్పుడే బి షిఫ్ట్ దిగాను. మీరంతా పవర్ ప్లాంటు గురించే మాట్లాడుతున్నారు, మా సంగతి కూడా చూడండి. ఇనుప ఖనిజపు పొడి, కోక్ పొడి, సున్నపురాయి కలిపి బెల్టు మీద కాల్చి దిమ్మలు చేయడమే సింటరింగ్. ఆ పొగ సహజంగానే 120 నుంచి 180 డిగ్రీల దగ్గర ఉంటుంది. అందులో నాక్స్ ఉంటుంది, గంధకం ఉంటుంది, డయాక్సిన్లు అనే విష పదార్థాలు కూడా ఉంటాయి. 350 డిగ్రీల క్యాటలిస్టు పెట్టాలంటే ఆ పొగనంతా మళ్లీ వేడి చేయాలి, అంత గ్యాసు ఎవరు కాలుస్తారు? మీ పొడి నిజంగా 150లో పనిచేస్తే ముందు అడగాల్సింది మా వాళ్లే.

రసాయనం_టీచర్ · సోమవారం రాత్రి

మంచి మాట చెప్పారు. డయాక్సిన్ల విషయంలో నానోట్యూబులకు పాత సంబంధమే ఉంది. 2001లోనే మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు, డయాక్సిన్‌ను యాక్టివేటెడ్ కార్బన్ కన్నా నానోట్యూబులు ఎంతో గట్టిగా పట్టి ఉంచుతాయని చూపించారు.

అయితే సింటర్ పొగకు జపాన్, చైనా ఉక్కు కర్మాగారాల్లో ఇప్పటికే నడుస్తున్నది యాక్టివేటెడ్ కోక్ పద్ధతి. బొగ్గుతో చేసిన గుళికలు పైనుంచి కిందికి నెమ్మదిగా దిగుతుంటాయి, పొగ అడ్డంగా పోతుంది. 150 డిగ్రీలకు లోపే గంధకం, కొంత నాక్స్, డయాక్సిన్లు అన్నీ పడతాయి. గుళికలను 400 డిగ్రీల దగ్గర వేడిచేసి మళ్లీ వాడతారు. నానోట్యూబ్ ఎంత గొప్పదైనా ఈ పెద్దన్నతో పోటీపడి గెలవాలి. పేపర్లలో ఎక్కువమంది టైటానియాతో పోల్చి ఊరుకుంటారు. యాక్టివేటెడ్ కార్బన్ మీద అదే లోహం ఎక్కించి పక్కపక్కన పెట్టి చూపించినవాళ్ల మాటే నేను నమ్ముతాను.

బాయిలర్_మాస్టారు · మంగళవారం ఉదయం

అమ్మాయీ, ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నీ ల్యాబ్ గ్యాసులో ఏమేం ఉన్నాయి?

నానోగొట్టం · మంగళవారం ఉదయం

500 పీపీఎం (పది లక్షల పాళ్లలో 500) నైట్రిక్ ఆక్సైడ్, అంతే అమ్మోనియా, 5 శాతం ఆక్సిజన్, మిగతాది నైట్రోజన్ అండీ.

బాయిలర్_మాస్టారు · మంగళవారం ఉదయం

అనుకున్నాను. గంధకం ఏది? నీటి ఆవిరి ఏది? మన బొగ్గులో గంధకం తక్కువే, అర శాతం అటూ ఇటూ. అయినా పొగలో సల్ఫర్ డయాక్సైడ్ వందల పీపీఎం ఉంటుంది. నీటి ఆవిరి 8-10 శాతం. ఇవి రెండూ లేని గ్యాసు ఏ చిమ్నీలోనూ దొరకదు.

గంధకం కొంత ట్రయాక్సైడ్ అవుతుంది. అది అమ్మోనియాతో, తేమతో కలిస్తే అమ్మోనియం బైసల్ఫేట్. తక్కువ వేడిలో అది జిగురు. పవర్ ప్లాంటులో దాన్ని చూసి భయపడేది ప్రీహీటర్ వాళ్లు. ప్రీహీటర్ లోపలి రేకుల బాస్కెట్ల సందుల్లో బూడిదతో కలిసి గట్టిపడితే నీళ్ల జెట్‌తో కొట్టినా రాదు. నీ ట్యూబుల రంధ్రాల్లో కూర్చుంటే ఏమవుతుంది? 350 డిగ్రీల ఎస్‌సీఆర్‌కు ఈ బాధ తక్కువ, ఆ వేడికి అది నిలవదు. నీకు తక్కువ వేడి వరమూ అదే, శాపమూ అదే.

రసాయనం_టీచర్ · మంగళవారం సాయంత్రం

దీనికి ఇంకో పొర కూడా ఉంది మాస్టారూ. బైసల్ఫేట్ అడ్డం పడితే వేడి చేసి పోగొట్టవచ్చు. కానీ గంధకం నేరుగా మాంగనీస్ ఆక్సైడ్‌తో కలిసి మాంగనీస్ సల్ఫేట్ అయితే, అది విడిపోవడానికి 700 డిగ్రీలు దాటాలి. అంతకు ఎంతో ముందే కార్బన్ పోతుంది. మొదటిది ముక్కు దిబ్బడ లాంటిదైతే, రెండోది ఊపిరితిత్తే చెడిపోవడం.

కార్బన్‌కు అనుకూలంగా ఒక సంగతి ఉంది. వనేడియం ఆక్సైడ్‌ను కార్బన్ మీద ఎక్కించినప్పుడు 200 డిగ్రీల పైన, గంధకం ఉంటే పని తగ్గకపోగా పెరిగిన సందర్భాలు నమోదయ్యాయి. కార్బన్ మీద కూర్చున్న అమ్మోనియం బైసల్ఫేట్ తనే నైట్రిక్ ఆక్సైడ్‌తో కలిసి ఖర్చయిపోతుంది. అలా సందు మూసుకుపోదు. మాంగనీస్‌తో అంత సులువు కాదు.

తేమ విషయం కూడా చూడండి. ట్యూబులకు సహజంగా నీళ్లంటే పడదు, అది మంచిదే. కానీ లోహం పట్టుకోవడానికి ఆమ్లంలో ఉడికించి మీరే వాటికి నీళ్లంటే ఇష్టం కలిగించారు. ఎంతసేపు ఉడికించాలన్నది అందుకే అడిగాను. ఇంకొకటి, మాంగనీస్ ఎక్కువైతే నైట్రోజన్‌తో పాటు నైట్రస్ ఆక్సైడ్ కూడా వస్తుంది. భూమిని వేడెక్కించడంలో అది బరువుకు బరువు కార్బన్ డయాక్సైడ్ కన్నా 270 రెట్లకు పైగా బలమైనది. నాక్స్ ఎంత పోయిందో మాత్రమే రాసి, అది ఏమైందో రాయకపోతే లెక్క సగమే.

మల్కాపురం_అమ్మ · మంగళవారం రాత్రి

నేను చదువుకున్నది డిగ్రీ వరకే, అందరి పోస్టులూ రెండేసి సార్లు చదివాను. మా బాబుకు ఎనిమిదేళ్లు. చలికాలం వస్తే నెబ్యులైజర్ మంచం పక్కనే ఉంటుంది. మన ఊరు కొండల మధ్య గిన్నెలా ఉంది కాబట్టి గాలి ఆడనప్పుడు పొగ ఇక్కడే నిలబడిపోతుందని డాక్టర్ గారు చెప్పారు.

నా ప్రశ్న ఒకటే. ఆ ట్యూబులు అంత సన్నవి అంటున్నారు కదా. పొగతో పాటు అవే అరిగి చిమ్నీలోంచి బయటికి వస్తే? ఒక విషం తీసి ఇంకో విషం వదిలినట్టు అవదా?

నానోగొట్టం · బుధవారం ఉదయం

అక్కా, ఈ ప్రశ్న నన్ను మా ల్యాబ్‌లో ఎవరూ అడగలేదు. రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

భయం నిజమే. పొడవుగా, గట్టిగా, సూదుల్లా ఉండే ఒక రకం మల్టీవాల్ ట్యూబును ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2014లో, మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది. మిగతా రకాల మీద నిర్ణయానికి సరిపడా ఆధారాలు లేవంది. అమెరికాలో పని ప్రదేశాల ఆరోగ్య సంస్థ 2013లో సూచించిన హద్దు, ఎనిమిది గంటల సగటున ఘనమీటరు గాలిలో 1 మైక్రోగ్రాము మాత్రమే. అందుకే మేం మాస్కు, గ్లవ్స్ లేకుండా పొడి ముట్టుకోం, తూకం కూడా హుడ్ లోపలే.

కాబట్టి వదులు పొడిగా దీన్ని ఏ ప్లాంటులోనూ పెట్టకూడదు. సిరామిక్ దిమ్మ లోపలి గోడల మీదే ట్యూబులను పెంచడమో, వడపోత గుడ్డ పోగుల్లో బంధించడమో చేయాలి. ఎంత ఊడుతుందో కొలిచి చూపించాలి. నా థీసిస్‌లో ఈ కొలత లేదు. ఇవాళ గైడ్ గారిని కలిసి చేరుస్తానని చెప్పాను, ఒప్పుకున్నారు.

లెక్కల_మనిషి · బుధవారం మధ్యాహ్నం

కాస్త అంకెలు వేశాను. 500 మెగావాట్ల యూనిట్ నుంచి గంటకు దాదాపు 18-20 లక్షల ఘనమీటర్ల పొగ వస్తుంది. గంటకు తన పరిమాణానికి 3,000 రెట్లు పొగను క్యాటలిస్టు శుభ్రం చేస్తుందనుకుంటే 600 ఘనమీటర్లకు పైన దిమ్మలు కావాలి. ఘనమీటరు 500 కిలోలు అనుకున్నా 300 టన్నులు. అందులో పదో వంతు నానోట్యూబులైతే 30 టన్నులు, అదీ ఒక్క యూనిట్‌కు. లిథియం బ్యాటరీల పుణ్యమా అని ఇప్పుడు ట్యూబులు టన్నుల్లో తయారవుతున్నాయి కాబట్టి దొరకవని అనను. కానీ కొన్నేళ్లకోసారి మార్చాల్సి వస్తే లెక్క కష్టం. సింటర్ అన్న చెప్పిన చోటో, చిన్న బాయిలర్లలోనో మొదలుపెట్టడమే నయం.

బాయిలర్_మాస్టారు · బుధవారం సాయంత్రం

లెక్క సరిగ్గానే ఉంది. దానికి తోడు చట్టం సంగతి కూడా చూడాలి. 2015 డిసెంబర్ నిబంధనల ప్రకారం 2003 చివరిలోపు వచ్చిన యూనిట్లకు నాక్స్ హద్దు ఘనమీటరు పొగకు 600 మిల్లీగ్రాములు, 2004-2016 మధ్యవాటికి 300, 2017 నుంచి వచ్చేవాటికి 100. ఆ 300ను 2020లో 450 చేశారు. సింహాద్రిలో మొదటి రెండు యూనిట్లు 2002వి, తర్వాతవి 2011, 2012లో వచ్చాయి. ఈ హద్దులను చాలావరకు బర్నర్లు మార్చి, గాలి సర్ది అందుకోవచ్చు. 450 ఉన్నంతకాలం క్యాటలిస్టు కొనమని ఏ మేనేజ్‌మెంట్‌నూ ఒప్పించలేం. హద్దు బిగిసిననాడు పరుగెత్తుతారు. ఆ రోజుకు మన బూడిదకు, మన గ్యాసుకు సరిపడేది మన చేతిలో ఉండాలని నా తపన. వేరే దేశపు బొగ్గుకు చేసిన దిమ్మ తెచ్చి పెట్టి, అది అరిగిపోయాక తలపట్టుకోవడం నేను చూడదలచుకోలేదు.

అమ్మాయీ, గంధకం సిలిండర్ తెప్పించు.

నానోగొట్టం · మూడు వారాల తర్వాత, శుక్రవారం

మాస్టారూ, టీచర్ గారూ, సిలిండర్ వచ్చింది. నిన్న 200 డిగ్రీల దగ్గర, 5 శాతం తేమ, 100 పీపీఎం సల్ఫర్ డయాక్సైడ్‌తో నడిపాను. గంధకం వదలకముందు 90 శాతం పైన నాక్స్ పోతోంది. వదిలిన మూడు గంటల్లో 60 దగ్గరికి పడిపోయింది. గంధకం ఆపాక కొద్దిగా లేచింది, మొత్తం రాలేదు. టీచర్ గారు చెప్పినట్టు పక్కనే యాక్టివేటెడ్ కార్బన్ నమూనా కూడా నడిపాను. అదీ ఇలాగే పడింది. ఇప్పుడు నైట్రోజన్‌లో 350కి వేడి చేస్తాను. తిరిగి వస్తే బైసల్ఫేట్, రాకపోతే మాంగనీస్ పోయినట్టే. చాలా టెన్షన్‌గా ఉంది.

బాయిలర్_మాస్టారు · శుక్రవారం

ఆగు. వేడి చేయకు. రెండు నమూనాలూ ఒకేలా పడ్డాయంటే నాకు అనుమానంగా ఉంది. అమ్మోనియా, గంధకం ఎక్కడ కలుస్తున్నాయి? రియాక్టర్ లోపలా, బయట పైపులోనా? ఆ పైపు వేడిగా ఉందా?

నానోగొట్టం · శుక్రవారం, గంట తర్వాత

బయటే కలుస్తున్నాయండీ. పైపుకు హీటింగ్ టేప్ చుట్టాను. కానీ రియాక్టర్‌కు కలిపే జాయింటు దగ్గర రెండంగుళాలు టేపు చాలక వదిలేశాను. ఇప్పుడే విప్పి చూశాను. లోపల ఉప్పు పట్టినట్టు తెల్లటి పొర, గోటితో గీస్తే రాలుతోంది. అమ్మోనియా కొంత అక్కడే గడ్డకట్టిపోతే క్యాటలిస్టుకు చేరేదెంత? మూడు గంటల రీడింగులు నమ్మడానికి లేదు.

జాయింటు కడిగి ఓవెన్‌లో పెట్టాను. టేపు కొత్తది తెచ్చాను. ఇంకో నమూనా తూచి ఉంచాను. రేపు పొద్దున్న ఏడింటికి మొదటి నుంచి మొదలుపెడుతున్నాను.

రసాయనం_టీచర్ · శుక్రవారం రాత్రి

అవుట్‌లెట్‌లో అమ్మోనియా కూడా కొలవండి. ఆ మూడు గంటల రీడింగులు కొట్టేయకుండా నోట్‌బుక్‌లో అలాగే ఉంచి, పక్కన కారణం రాయండి.